దక్షిణం కొలతలు

ముందు కోట్లు వచ్చాయి.
తొడుక్కునే కోట్లు. ఆ రెండో రకం కోట్ల సంగతి
పేపర్లో చదివాను గానీ కంటితో చూడలేదు.
నలభై రెండు, అట్టపెట్టెల్లో, ఉన్నివి,
ఎక్కడో మంచుదేశంలో కత్తిరించినవి.
కోర్డోబాలో అప్పుడు జనవరి. తారు మెత్తబడి
చెప్పులకి అంటుకుంటున్న మధ్యాహ్నం.
కాగితం మీద ఇలా ఉంది:
చలికాలం యూనిఫాం, జనవరి నుంచి మార్చి.
ఫోన్ చేసి చెప్పాను,
అయ్యా, భూమికి ఇటువైపు ఎండాకాలం అని.
అవతల ఒక క్షణం ఏమీ లేదు. తర్వాత నవ్వు.
మంచి నవ్వే. అప్పట్లో అందరూ నవ్వేవాళ్లు.

లోమ్వీ అంటే వాళ్ల సముద్రం మీది పిట్టట.
దాని తోకకి మా మాట ఒకటి కట్టారు, సుర్ అని.
సుర్ అంటే దక్షిణం.
తల్లి కంపెనీ అక్కడ, పిల్ల కంపెనీ ఇక్కడ,
మధ్యలో మహాసముద్రం, నాలుగైదు గంటల తేడా.

నా పేరు నెలీదా. అల్బెర్దీ పేటలో కుట్టుపని.
ఆ ఉత్తరాది ఆడవాళ్లకి చేతులు ఎంత పొడవో!
ప్రతి చేతినీ రెండు వేళ్ల మేర మడిచి కుట్టాను.
కత్తిరించలేదు. బట్ట లోపల ఉంటే
ఎప్పటికైనా పనికొస్తుంది.
మికాయేలాకి మాత్రం భుజాల దగ్గర వదులు చెయ్యాల్సొచ్చింది,
ఈతగత్తె.

మొదటి విమానం దిగిన రోజు
రెండు ఫైరింజన్లు నీళ్లతో తోరణం కట్టాయి.
బ్యూనస్ ఐరిస్‌కి పదిగంటల బస్సుకన్నా చవక టికెట్.
పక్కింటి ఫెర్మీన్, డెబ్బై ఒకటో ఏట తొలిసారి ఎక్కి,
చంకలో ఫ్లాస్కుతో, మాతే కలుపుకోడానికి
వేణ్ణీళ్లడిగాడట. నీళ్లకి డబ్బులన్నారట.
"మబ్బులు మాత్రం ఊరికే చూపించారు" అని చెప్పాడు,
వారం పాటు, పూటపూటా.

రెండేళ్లలో నాలుగు విమానాలు తొమ్మిదయ్యాయి.
బరిలోచె, ఇగ్వాసు, మెందోసా.
నేనూ రెండో మెషిను కొన్నాను, వాయిదాల మీద.

తర్వాత పెసో జారింది.
మెట్టు మీద కాలు జారినట్టు కాదు,
అల్లికలో ఒక్క ముడి ఊడినట్టు.
టికెట్లు పెసోల్లో. ఇంధనం డాలర్లలో,
రెక్కల అద్దె డాలర్లలో,
నా దారపుండ కూడా డాలర్ ముఖం చూసి ధర చెప్పేది.
అక్కడ తల్లికీ ఒంట్లో బాగాలేదన్నారు. అప్పులట.
కంపెనీకి తల్లి అన్న మాట ఎవరు తగిలించారో గానీ
పొదుపు మొదలైంది పిల్ల కంచంలోంచే.

ఒక విమానం వెనక్కి పంపారు, రిపేరుకన్నారు.
రెండోదానికి ఆ మాటా అనలేదు.
డాబా మీద నిలబడి ఫెర్మీన్ లెక్కపెట్టేవాడు.
ముక్కు ఉత్తరానికి తిప్పితే ఇక రాదని అతని లెక్క.
ఒక్కసారీ తప్పలేదు.

జూన్‌లో, మిగిలినదాన్ని ఇంకో కంపెనీ కొంది.
ఎంతకో చెప్పలేదు. చెప్పుకునేంత లేదేమో.
మనుషుల్ని తీసుకుంది, కోట్లు తీసుకుంది,
పిట్టని వద్దంది.

మళ్లీ అవే కోట్లు నా బల్ల మీద.
బిళ్లలు ఊడదీయి నెలీదా, గుండీలు మార్చు.
బ్లేడుతో కుట్టు తర్వాత కుట్టు తెంపుతుంటే
కింద బట్ట కొత్తగా, ముదురు నీలంగా,
ఎండ తగలనంత మేరా పిట్టలాగే ఉంది.
ఉతికాను. ఆవిరి పట్టాను. పోలేదు.
కొత్త బిళ్ల చిన్నది, అంచులు బయటికి కనిపిస్తాయన్నాను.
మికాయేలా అద్దంలో చూసుకుంది.
"కనిపించనీ."

మార్చిలో కుట్టిన పదకొండు స్కర్టులకి
బిల్లు పంపాను, ఉత్తరానికి.
కిటికీ అద్దం మీద మంచు గడ్డకట్టిన జూలై పొద్దున
జవాబొచ్చింది, మనిషి రాసింది కాదు:
వేసవి సెలవుల్లో ఉన్నాం.
మీకూ ఎండ బాగా కాయాలని కోరుకుంటున్నాం.

స్టవ్ దగ్గర వేళ్లు కాచుకున్నాను.
డబ్బాలో నూట అరవై ఎనిమిది ఇత్తడి గుండీలున్నాయి,
ఒక్కోదాని మీదా ఒక చిన్న పిట్ట.
ఫెర్మీన్ తన పాత కోటుకి
ఆరు కావాలంటున్నాడు.