ఐసు పడే వేళ

మూడూ పదికి మళ్లీ.
తూకం బల్ల మీద కాడ్ చేప ఎదురుచూస్తోంది,
తన బరువు తెర మీదకు ఎక్కడానికి.
నాలుగు కిలోల రెండొందలు.
ఆ ఒక్క అంకె గోడ దాటి పక్క గదికి చేరడానికి
నలభై సెకన్లు.
ఈలోగా చేపకు కన్ను మసకేసింది.
నాకూ.

ఐస్‌లాండ్ పడమటి కొసన చిన్న రేవు మాది.
ఫిబ్రవరిలో ఇక్కడ పగలంటే
భోజనాల వేళ గుమ్మంలో నిలబడి
కూర్చోకుండానే వెళ్లిపోయే చుట్టం.
"హాల్‌బెరా, సర్వరు నలతగా ఉంది" అంటారు వేలంవాళ్లు.
జ్వరం పిల్లాణ్ణి ఒళ్లో పెట్టినట్టు పెట్టేసి
సిగరెట్టుకు బయటికి పోతారు.

పింగ్ కొట్టాను.
ఎవరూ లేని లోయలో కేకేసి
చెవి రిక్కించి కూర్చునే పని అది.
ఒకటి తిరిగొచ్చింది.
ఒకటి తిరిగొచ్చింది.
ఒకటి రాలేదు.
ఒకటి ఎంత ఆలస్యంగా వచ్చిందంటే
నేనేం అడిగానో నాకే గుర్తులేదు.

స్విచ్ మార్చాను. కొత్తదాని మీదా
దీపాలు పచ్చగా నవ్వాయి, అబద్ధాలకోరులు.
కార్డు మార్చాను. డ్రైవరును వెనక్కి తెచ్చాను,
ముందుకు తోశాను.
లాగ్‌ను అడుగు నుంచి పైకి చదివాను,
పోయినవాడి జేబులు వెతికినట్టు.
చివరి వరుస సగంలోనే ఆగి ఉంది.

మూడూ ఇరవైకి సర్వరు గుడ్లు తేలేసింది.
తెర నిండా అంకెల పలవరింత,
కింద ఒకే ఒక్క మాట: పానిక్.
భయాన్ని ఇంత నిజాయితీగా ఒప్పుకున్న ఉద్యోగిని
ఈ రేవులో మరొకరిని చూడలేదు.

అప్పుడొచ్చాడు వితోల్డ్,
ఐసు గది మనిషి, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు.
పోలిష్ నానిన ఐస్‌లాండిక్‌లో అన్నాడు:
"నేను బటన్ నొక్కితే
నీ గదిలో లైటు ఓసారి కన్ను కొడుతుంది, తెలుసా?"
తెలీదు.
"రోజూ మూడూ పదికి. మొదటి పడవకి ఐసు కావాలిగా."

నాలుగు రాత్రులు.
తల ప్రాణం తోకకొచ్చింది.
ఇతన్ని ఒక్కమాట అడగలేదు నేను.

అతను నిచ్చెన పట్టుకున్నాడు, నేను సీలింగు పలకలు తీశాను.
పైన దుమ్ములో, ఎనిమిది మీటర్లు ఆదా చేద్దామని
ఎవరో నా సన్న తీగను
ఐసు మోటారు లావు కేబులుతో జంట చేసి
వల అల్లే దారంతో బిగించారు.
మోటారు గర్జించినప్పుడల్లా
పక్కన గుసగుసగా పోయే అంకెలు చెదిరి,
మళ్లీ మొదటికొచ్చి,
మళ్లీ బయల్దేరుతున్నాయి.
పాపం, ఒక్కటీ మానేయలేదు.

కత్తెర అందుకోబోతే వద్దన్నాడు వితోల్డ్.
"ఇది ఔస్వాల్దుర్ ముడి."
పోయినేడు వెళ్లిపోయాడా ముసలాయన.
సముద్రంలోకి కాదు,
దక్షిణాన గాజు తోటలో టమాటాలు కోయడానికి.
ఆ ముడి విప్పడానికి ఇరవై నిమిషాలు పట్టింది.
దారం వితోల్డ్ దాచుకున్నాడు.

తీగను వేరే గోడ వెంట నడిపించాం.
అతను కిందికెళ్లి బటన్ నొక్కాడు.
నేల అదిరింది. ఐసు రాళ్లవానలా పడింది.
ఒకటి, ఒకటి, ఒకటి, ఒకటి.
చేప బల్ల మీద సర్దుకునే లోపే
దాని బరువు వెళ్లి కూర్చుంది.

ఇక పానిక్ సంగతి.
మెమరీని రాత్రంతా పరీక్షకు పెడితే
ఏడో విడతలో ఒక్క తప్పు, ఒకే ఒక్కసారి.
ఎనిమిదో విడత శుభ్రం.
ఆ చిప్పును పీకేశాను. పదకొండు రాత్రులుగా చప్పుడు లేదు.
అదేనా దొంగ?
ఏమో, కన్ను కొట్టిన కరెంటేనేమో,
ఇంకా తెలియంది ఏదైనానేమో.
నివేదికలో "సరిచేయబడింది" అని రాయమన్నారు.
"ఆగింది" అని రాశాను.

చిప్పు నా కోటు జేబులో ఉంది, తాళాల పక్కన.
రాత్రి మూడూ పదికి మెలకువ వస్తోంది.
ఫోను వెలుగుతుంది, వితోల్డ్ నుంచి ఒక్క మాట:
"నొక్కాను."
ఎన్ని సెకన్లకు చేరిందో
చూసుకుని పడుకుంటాను.