ఎర్రనీరు ఆగినచోట

మట్టి నమూనా తియ్యాలంటే
పొలంలో తొమ్మిదిచోట్ల తవ్వాలి.
జానెడు లోతు, 'వి' ఆకారంలో గుంట.
శిక్షణలో ఇదంతా నేర్పారు.
ముందు అడగాలని మాత్రం ఎవరూ నేర్పలేదు.

కొంగలలంకలో పడవ దిగి
పార ఎత్తానో లేదో
"ఆగు నాయనా" అంది ఓలేటి మరిడమ్మ.
"చెప్పులిప్పు. అడిగి తవ్వు.
నిద్దరోతున్న మనిషిని
చెప్పకుండా సూదితో పొడుస్తావా?"

ఎవర్ని అడగాలో తెలీక చుట్టూ చూశాను.
రెల్లు. ఒంటికాలి మీద కొంగ.
దోసపాదులు, కాయల పొట్టల మీద ఎండ.
గుడి లేదు, రాయి లేదు.
నేలలో గుచ్చిన ఒక రెల్లుపుల్ల,
దానికి పసుపుదారం.

"అదే అమ్మ" అంది.
శ్రావణంలో ఎర్రనీరు పొలంలోకొచ్చి
ఎక్కడ ఆగి వెనక్కి మళ్ళుతుందో
ఆ అంచున గుచ్చుతుందట పుల్ల.
నిరుడు దిబ్బమీద.
అంతకుముందేడు వాళ్ళ పొయ్యిపక్కన.
"ఆ యేడు అమ్మ ఇంట్లోకే వచ్చేసింది."
ఆ వరదలోనే రెండు మేకలు పోయిన సంగతి
ఎప్పుడో తరవాత, మాటల మధ్యలో చెప్పింది.
"కోపం రాలేదా?"
"రాకేం? తిట్టేను కూడా.
తిట్టి, పసుపు పూశాను."

సర్వే పటంలో లంక ఉన్నచోట ఇప్పుడు నీళ్ళు.
పటంలో నీలం పూసినచోట మేమిద్దరం నిలబడ్డాం.
ఫారంలో ఒక గడి: యజమాని పేరు.
"దాని పేరే రాయి" అంటూ
బొటనవేలితో నేలను తట్టింది,
పక్కలో పడుకున్న పిల్లని చూపించినట్టు.

నేను నమ్మేవాణ్ణి కాదు.
నత్రజని, భాస్వరం, పొటాషు.
నా దేవుళ్ళు అంకెల్లో ఉంటారు.
అయినా అడిగాను, గొంతు పెగుల్చుకుని,
"కొంచెమే తీసుకుంటాను" అని
అప్పుకొచ్చినవాడిలా.
జవాబేం రాలేదు.
అరికాళ్ళ కింద ఒండ్రు మాత్రం
రాత్రి తోడేసిన పెరుగులా చల్లగా కదిలింది.

బస్తరు అడవుల్లో రాలిన ఆకు,
మరాఠా కొండల నల్లరేగడి,
ఎవరివో పంటలు, ఎవరివో గోడలు.
రాజమండ్రి రేవులో మేం కలిపిన
మా తాత.
మరిడమ్మ కోసిచ్చిన దోసకాయ తింటుంటే
ఈ లెక్క తేలి, నమలడం ఆపాను.
తరవాత మళ్ళీ తిన్నాను.
తియ్యగానే ఉంది.

పరీక్షలో ఉప్పు ఎక్కువ తేలింది.
సముద్రం నేల అడుగునుంచి పాక్కుంటూ వస్తోంది,
అవతలి గట్టు రొయ్యలచెరువులు
దానికి దీపం పట్టుకుని దారి చూపిస్తున్నాయి.
ఎర్రసిరాతో కార్డు రాసి పంపాను.
మిగిలిన మట్టి బకెట్లో పారెయ్యాలి,
అది మా ఆఫీసు పద్ధతి.
ఆ ఒక్క సంచీ పారెయ్యలేకపోయాను.
బీరువాలో ఫైళ్ళ వెనక
ఏడాదిపాటు అది ఊపిరి బిగబట్టుకుని కూర్చుంది.

ఇవాళ వొళ్ళో పెట్టుకుని తీసుకెళ్తున్నాను.
లంక సగం కోసుకుపోయిందన్నారు రేవులో.
మరిడమ్మ సంగతి అడిగితే
"ఉందండీ, పుల్ల పట్టుకుని తిరుగుతోంది" అన్నాడు పడవవాడు.
దూరంగా నీళ్ళ అంచున ఏదో పసుపుచుక్క.
కావచ్చు. పువ్వయినా కావచ్చు.

చెప్పులు పడవలోనే విప్పేశాను.