దింపుడురాయి

నాకు అంకెలు వచ్చింది బళ్ళో కాదు,
మొగిలి ఘాటు దిగతా.
నాయన రాళ్ళకు సున్నం కొట్టి
నల్లరంగు కుంచెతో దిద్దతా ఉంటే
డబ్బా పట్టుకోని పక్కన కూచునేదాన్ని.
పలమనేరు దాటినాక ఇరవై నాలుగు,
ఆనిక ఇరవై మూడు, ఇరవై రెండు.
అందుకే నాకు లెక్క వెనక్కే వస్తాది.
ఇప్పటికీ సీతాఫలాలు ఎంచేది
పన్నెండు నుంచి ఒకటికి.
కొనేవాళ్ళు నవ్వుతారు,
కారెక్కినాక మళ్ళీ ఎంచుకుంటారు.

నాయన పేరు దొరసామి. రోడ్ల శాఖలో గ్యాంగు కూలీ.
చదువు లేదు. అయినా
అయిదుకు పొట్ట ఎంత ఉండాలో
ఏడుకు మెడ ఎంత వంచాలో
ఆయనకు తెలిసినట్టు ఏ అయ్యవారికీ తెలీదు.
ఒకసారి పంతొమ్మిదో రాయిమీద
తొమ్మిదిని తలకిందులుగా దిద్దేసినాడు.
ఆ వారమంతా చిత్తూరు
మూడు మైళ్ళు దగ్గిరికొచ్చింది,
ఓవర్సీరు సైకిలు దిగి తిట్టేదాకా.

తర్వాత మైళ్ళు పోయినాయి.
లారీలో కొత్త రాళ్ళు దిగినాయి.
ఇరవై ఉన్న కాడ ముప్పై రెండు రాయమన్నారు.
"నడిచేవాడి కాళ్ళకు చెప్పినారా ఈ సంగతి?"
అని అడిగినాడు నాయన.
అడిగి, రాసినాడు.

దోవ పొడుగునా ఒక్క రాయికి మటుకు
ఆయన కుంచె తగలనీలేదు.
మూడో వంపులో
నిలువుగా రెండు బండలు, వాటిమీద అడ్డంగా ఒకటి,
మనిషి రొమ్మెత్తు.
అరవం కలిసిన నోళ్ళు సుమైతాంగి అనేవి.
మా అవ్వ దింపుడురాయి అనేది.
కట్టెలమోపో రాగులమూటో
ఎవర్నీ చెయ్యి అడక్కుండా దానిమీదికి జారిస్తే
కాసేపు నీ మెడ నీదవుతాది.
మళ్ళీ తల ఆనించి లేస్తే చాలు,
నీ బరువు నీ నెత్తిన.

"సున్నం మిగిలింది గదా, దీనికీ కొడదాం నాయనా."
"వద్దు మ్మా. ఇది దూరం చెప్పే రాయి కాదు."

కింది పల్లెలో కన్నెమ్మని ఒకామె
నెలలు నిండి, కానుపు కాకనే పోయిందంట.
కడుపులో బరువు దించుకోకుండా పోయిన మనిషి,
దోవన పోయేవాళ్ళ బరువులన్నా దిగితే
ఆడ ఆమెకు తేలికవుతాదని
పెనిమిటి నిలబెట్టించినాడంట.
పేరు చెక్కించలేదు.
నెత్తిన మూటున్నోళ్ళు
తల వంచి చదవతారా ఏమన్నానా?

ఇప్పుడు పచ్చబోర్డుల మీద అక్షరాలు
రాత్రిపూట పిల్లికళ్ళ మాదిరి మెరుస్తాయి.
వాటికి సున్నం అక్కర్లేదు, దొరసామీ అక్కర్లేదు.
నాయన దిద్దిన పద్దెనిమిది
వంకలో గుడ్డలుతికే బండయింది.
ఇరవై ఒకటి టీకొట్టు ముందర పడుంది.
దానిమీద ఎవురన్నా కూచుంటే
రెండు కాళ్ళ సందున ఒకటి మాత్రం కనపడతాది.

పోయిన కార్తీకంలో
మూడో వంపుకాడికి జేసీబీ వచ్చింది.
ముందురోజే ఎవురో వచ్చి
రాయిమీద ఎర్రగా ఇంటూ గుర్తు పెట్టిపోయినారు.
దానికి రంగు తగలడం అదే మొదులు.

బండి తోలే పిల్లోడిది ఏ దేశమో,
మీసం ఇంకా సరిగ్గా రాలేదు.
తప్పుకో అని చెయ్యి ఊపినాడు.
నాకు వాడి బాస రాదు.
వాడికి కన్నెమ్మ తెలీదు.
ఏం చెప్పేది?
వాడు చూస్తా ఉండంగానే
నెత్తిమీది గంప రాయిమీదికి జార్చినాను.
చుట్టకుదురు విప్పి మొహం తుడుచుకున్నాను.

ఇంజను ఆగింది.
కింద ఎక్కడో ఒక లారీ
మొదటి గేరులో మూలగతా ఎక్కతా ఉంది.
పిల్లోడు దిగొచ్చి రాయి చుట్టూ ఒకసారి తిరిగినాడు.
తన టిఫిను క్యారేజీ తెచ్చి
నా గంప పక్కన పెట్టినాడు.

మాగిన కాయలు ఏరి వాడి చేతిలో పెట్టినాను.
నాలుగు, మూడు, రెండు...
ఆఖరిది వాడే ఎంచినాడు, వాడి బాసలో.
గింజలు లోయలోకి ఉమ్మతా
ఇద్దరమూ నిలబడే తిన్నాము.
రేపటి సంగతి నేను అడగలేదు.
అడిగినా వాడి చేతిలో ఏముంది?

ఎండ తిరిగినాక
తల ఆనించి గంప ఎత్తుకున్నాను.
నాలుగు కాయలు పోయినాయి గదా,
బరువేమీ తగ్గలేదు.