రెండు గంటల కూత

రెసిడెన్సీ అంటే ఏటి బాబూ అనడిగినాను.
తిండి పెట్టి, మంచమేసి,
ఏ పనీ చెప్పకుండా మూడు నెల్లు ఉంచడమట.
మాకూ అయినాది గదా అది, లాకౌటప్పుడు,
తిండొక్కటే లేదు అన్నాను.
ఆ మాట మాత్రం జపాను భాషలోకి ఎల్లలేదు.
నవ్వీసి ఊరుకున్నాడు దుబాసీ గుంటడు,
గరివిడి కుర్రోడు, ఫోను చూసి నేర్చుకున్నాడట ఆ భాష.
పేరొచ్చినోళ్ళని తీసుకోరట ఇందులోకి,
ఇంకా రానోళ్ళకేనట.
అలగయితే మా పేటంతా పనికొస్తాది.

చంపావతి ఒడ్డున, మూసేసిన గోనె మిల్లులో
నలుగురు దిగినారు.
ఒకడు తుప్పు గోకి సీసాల్లో పోస్తాడు.
ఒకడు రోజుకో కిటికీ కొలుస్తాడు, ఎందుకో చెప్పడు.
ఒకామె నిద్రపోతాది. అదే ఆమె పనట.
నమ్మబుద్ధి కాలేదు గానీ
ఆమె పరుపు రోజూ ఎండలో ఏసినాను.
నాలుగో గుంట చిహరు.
చోడంబలి పోస్తే రెండు చేతులా పట్టుకుంటాది
తీర్థం లాగ.

ఇరవై రోజులు ఏటీ చెయ్యలేదు ఆ పిల్ల.
మిషన్లు పీకేసిన గుంతల పక్కన
చెవి నేలకానించి తొంగునేది.
ఇరవయ్యొకటో నాడు అడిగినాది:
మిల్లు కూత ఎలగుండేది?

దాన్నెప్పుడో పాత ఇనుము తూకానికి అమ్మీసినారు.
అయితే నోటితో కూయండి అన్నాది.

పేటకి కబురెల్లింది.
తవిటయ్య వొచ్చినాడు, దగ్గూ కూతా కలిపి కూసినాడు.
సన్నంగా లేచి మధ్యలో విరిగిపోతాది ఆయన కూత.
ఆలీసమయితే అరపూట జీతం కోత గదా,
ఆ చెవికి అది ఎప్పుడూ ఎనకాల తరుముకొచ్చేదే.
యూనియను సన్నాసప్పడు గట్టిగా ఎత్తుకుని
కూత ఆపకుండానే నినాదంలోకి పోనాడు,
పక్కనున్నోళ్ళు జిందాబాదనీసినారు, అలవాటు.
మగ్గం కాడ రెండు వేళ్ళు పోగొట్టుకున్న ముత్యాలు
నోరు తెరిచినాడు. మూసినాడు. అంతే.
అది కాదురా, ఇలగ, ఇలగ, అని
కొట్టుకున్నంత పనయినాది.
ఒక్క మిల్లు, ఒక్క కూత,
ఒకడిది ఒకడికి కలవదు.
కళ్ళు మూసుకుని అన్నీ పట్టుకున్నాది చిహరు
చిన్న పెట్టెలోకి.

నీ కూతేది అన్నాది నన్ను.
పొయ్యి కాడి దాన్ని, నాకేటి తెలుసు అన్నాను.
గానీ పద్దెనిమిదేళ్ళు సంచులు కుట్టినదాన్నే నానూ.

రెండు గంటల కూత.
పొద్దుటి షిఫ్టు వదిలేది.
నా పెద్దోడు నాలుగు నెల్ల వాడు, మా అత్త ఒళ్ళో.
ఆ కూత మొదలయితే చాలు,
సూది దించకముందే
పాలు దిగిపోయేవి.
తడిసిన రవికెకి గోనె పట్టా అడ్డం పెట్టుకుని
గేటు దాకా పరుగు.
వాడు పాలు మానేసినాక కూడా రెండేళ్ళు
కూతకి రొమ్ములు బరువెక్కేవి.
దాన్ని నా ఒళ్ళు ఎరుగును గానీ
నోరు ఎరగదు.

దుబాసీ గుంటడు తల దించుకున్నాడు.
ఒక్క ముక్క చెప్పలేదు ఆ పిల్లకి.
నాను చెయ్యి రొమ్ము మీద పెట్టుకున్నాను.
చిహరు పెట్టె కట్టీసింది.

వాళ్ళమ్మది కూడా దారం మిల్లేనట,
మంచు పడే ఊరట, అదీ మూసేసినారట.
ఇదంతా మర్నాడు అంట్లు తోముకుంటా
సైగల్లో తెలిసినాది. సగం నా ఊహే కావొచ్చు.

చూపించే నాడు విశాఖపట్నం నుంచి కార్లొచ్చినాయి.
ఖాతాలో చూడ్డానికి ఏటీ లేదు.
గోడల్లోంచి కూతలు, తవిటయ్య దగ్గు, జిందాబాద్,
ముత్యాలు నోరు తెరిచి మూసిన గాలి.

సరిగ్గా రెండింటికి అన్నీ ఆగిపోనాయి.

కరెంటు పోయిందన్నాడో పెద్దమనిషి,
నెత్తి మీద ఫ్యాను తిరుగుతానే ఉన్నాది.
మిషను చెడిందన్నాడింకొకడు.
చిహరు ఎటూ చూడలేదు, నా వైపు కూడా.

అరవై మూడేళ్ళు నాకు.
తలుపు కాడ నిలబడున్నాను.
రెండు చేతులా టీ గ్లాసుల పళ్ళెం,
పమిట సర్దుకోడానికి లేదు.