రేకుల మీద

కొరుక్కుపేట, ఎండుమిర్చి గోడౌను.
పొగకి దారివ్వాలి, రేకు కొయ్యండన్నాను.
"కొయ్యకు, గాలి తాగి లేస్తుంది"
హార్బర్ బండి దిగుతూనే దేవసహాయం.
మా వీధి, మా నిప్పు, నువ్వెవడివి
అనబోతే దగ్గొచ్చింది.
అతనికీ వచ్చింది. మిరప కోరు.

కోశాం చివరికి.
నేను చెప్పినచోటే,
అతను చెప్పినప్పుడు:
లోపల వాళ్ళ పైపులో నీళ్ళు పడ్డాక.

సిమెంటు రేకు కాలికింద పెటిల్లుమంది.
బెల్టు పట్టి వెనక్కి లాగిన చెయ్యి
ఏ డిపార్ట్‌మెంటుదో
ఆ చీకట్లో చూడలేదు.

తెల్లారి టీ బండి దగ్గర మళ్ళీ అదే.
"ముందే కోసుంటే సగం సరుకు మిగిలేది."
"సరుకు మిగిలేది, నువ్వు మిగలవు."
రెండు గ్లాసులకీ అతనే ఇచ్చాడు,
చిల్లర లెక్కపెట్టి మరీ.

నా హెల్మెట్ వాళ్ళ బండిలో వెళ్ళిపోయింది.
ఇంకా అడగలేదు.