ఎత్తిన రాయి

పొద్దున తొమ్మిదింటికి చర్చి పక్కన
మినీబస్సు తలుపు తీస్తాను.
పదకొండు మంది. పదకొండు జతల కొత్త బూట్లు.
నా పేరు సెంగా, అంటాను,
మా అమ్మమ్మ ఆగ్నెస్‌ పేరు వెనకనుంచి రాస్తే నేనే.
నవ్వుతారు. రోజూ సరిగ్గా అక్కడే నవ్వుతారు.
ఆ నవ్వు సద్దుమణిగాక ఎవరో ఒకరు:
ఇంతకీ ఈ గాలోవేలో చూడ్డానికి ఏముంది?

ఏముంది.
నడుముకి తెల్ల పట్టీ బిగించిన నల్లావులున్నాయి,
కుస్తీ గెలిచొచ్చి కూర్చున్నట్టు నెమరేస్తూ.
సముద్రం ఉంది. ఈ పూట లేదు.
మైళ్ల కొద్దీ బురద మా మొహాన పరిచి ఎటో పోయింది,
అప్పిచ్చినవాడిలా చెప్పకుండా తిరిగొస్తుంది.
వాన ఉంది.
మా నాన్న దానికి తొమ్మిది పేర్లు పెట్టాడు,
అందులో రెండు పాస్టరు గారి ముందు అనకూడనివి.
కొండ ఉంది. దానికోసమేగా వచ్చారు.

గేటు తీసినవాళ్లే గేటు వెయ్యాలి.
గొర్రె మీవంక చూస్తే మీరూ చూడండి,
బిస్కెట్లు మాత్రం పెట్టకండి.
సన్నదోమలు కుడతాయి. నన్నూ కుడతాయి.

ఆ శనివారం ఒకాయన బస్సు దిగలేదు.
వెర్నన్, డార్బీ నుంచి.
నలభై ఏళ్లు లిఫ్టులు బాగుచేశాడట,
ఊరంతటినీ పైకి పంపించిన మనిషికి
మోకాళ్లు ఇప్పుడు మూడు మెట్లకే మొరాయిస్తాయి.
కూతురు ఫ్లాస్కు చేతికిచ్చి, మఫ్లర్ సర్ది,
కొంచెం సిగ్గుపడుతూనే మాతో వచ్చేసింది.

రెండున్నర గంటలు ఎక్కాం.
పైన తెలుపు.
కింద తెలుపు.
రాళ్లకుప్ప దగ్గర నిలబడి
ఒకరి వెనక ఒకరు లేని లోయని ఫోటోలు తీసుకున్నారు.
ఆ వేలు చూపిన వైపు ఐర్లాండ్, అన్నాను.
నమ్మారు, పాపం.
పసుపు కోటు అమ్మాయి మాత్రం
ఇలాంటప్పుడు డబ్బు వెనక్కిస్తారా అనడిగింది.

దిగొచ్చేసరికి బస్సులో వెర్నన్ లేడు.
సీటు మీద ఫ్లాస్కు, మూత తీసి ఉంది.
గుండె గొంతులోకొచ్చింది.
కూతురు పిలుస్తోంది, తండ్రిని పేరు పెట్టి,
చిన్నపిల్లాడు తప్పిపోయినట్టు.

రోడ్డు మలుపులో దొరికాడు.
చలికాలపు తుపానుకి చెట్టు పడి కూలిన గోడ దగ్గర
ఇన్నెస్ మెకల్లక్ పని చేస్తున్నాడు.
సిమెంటు లేదు, మట్టి లేదు,
రాయిని రాయి పట్టుకోవాలి, అంతే.
ఇన్నెస్ మాట్లాడడు.
వెర్నన్‌కి వినపడదు.
బాగా కుదిరింది ఇద్దరికీ.

తిరగేసిన బక్కెట్టు మీద కూర్చున్న వెర్నన్ ఒడిలో
రొట్టెంత రాయి.
గోడ కట్టేవాళ్లకి ఒక మాటుంది:
ఎత్తిన రాయిని మళ్లీ కింద పెట్టకూడదు,
దాని చోటేదో వెతకాలి.
ఆ ఒక్క ముక్కా ఇన్నెస్ చెప్పినట్టున్నాడు.
అటు తిప్పుతున్నాడు, ఇటు తిప్పుతున్నాడు,
బొటనవేలితో అంచులు తడుముతున్నాడు.
ఎంతసేపట్నుంచో!
మఫ్లర్ నిండా నాచు.

కూతురు పిలవబోయి ఆగింది.
మేమంతా తడిసిన బూట్లతో
రోడ్డుకడ్డంగా నిలబడిపోయాం.
ట్రాక్టరు వచ్చి ఆగింది. హారను కొట్టలేదు.

లేచాడు. ఇన్నెస్ మోచెయ్యి పట్టుకున్నాడు.
రెండో వరసలో ఒక సందు.
రాయి లోపలికెళ్లింది,
టక్.

ఇరవై రెండేళ్లుగా ఆ మలుపులో
ఎడమవైపు గోడ, రెండొందల ఏళ్లది, అనేసి
గేరు మార్చేదాన్ని.
ఇప్పుడు అక్కడ బండి ఆపుతాను.
నాచు పట్టేసింది, అతని రాయేదో నాకే తెలీదు.
పదకొండు మొహాలు కిటికీలకి అతుక్కుంటాయి.
ఏముందక్కడ, అంటారు.
గోడ, అంటాను.