పాత్రల పరిశీలన

పోథియా రేవులో, చేపల మంచు గిడ్డంగి పై అంతస్తులో
మంగళవారం సాయంత్రం బడి.
నాకు యాభై మూడేళ్ళు. చేతులకింకా స్పంజి వాసన.
పేరు స్తమాతియా. ఇంకో ఆడపిల్ల పుట్టకుండా
ఇక్కడితో ఆగాలని పెట్టిన పేరు.

ఎదురుగా సగం చిరిగిన నాటకం.
రెండు వేల నాలుగు వందల ఏళ్ళ నాటిది.
రాసినవాడి పేరు ఎలుకలు తినేశాయి,
ఏడుపు మాత్రం చెక్కుచెదరలేదు.

పంతులమ్మ కలిరోయి బోర్డు మీద నాలుగు గళ్ళు గీసింది:
పేరు. కోరిక. పొరపాటు. ఫలితం.
కొట్లో పద్దు రాసినట్టే కదా,
నింపెయ్యొచ్చు అనుకున్నాను.

రాజు రేవుకి అడ్డంగా గొలుసు కట్టించాడు.
బయట ఓడ. ఓడలో మహమ్మారి.
ఓడలోనే కూతురు.
ఊరు బతకాలన్నాడు. మాట తప్పలేదు.
రాణి మూడు రాత్రులు గోడ మీదే నిలబడి
ఓడ దీపాన్ని లెక్కపెట్టింది.
ఉన్నది ఒకటే దీపం. దాన్నే లెక్కపెట్టింది.
నాలుగో రాత్రి చుక్కానివాడు దీపం వెలిగించలేదు.
ఇక బట్టలుతికే ఆడవాళ్ళు: అన్నీ ముందే తెలిసి
ఎవరికీ గట్టిగా చెప్పనివాళ్ళు.
మా వీధిలోనూ ఉన్నారు.

బేకరీ సెవస్తి లేచింది. "రాతిగుండె వాడిది.
కన్నబిడ్డ కోసం గొలుసు తెంచనివాడు ఏం తండ్రి?"
అందరం తలలూపాం.
వెనక బెంచీలో, కుంటికాలు బారజాపుకున్న మికేస్ ఊపలేదు.

"తెంచితే ఏమవుతుందో తెంచినవాడికే తెలుస్తుంది," అన్నాడు.
"లోతులో ఉన్న మనిషిని ఆపి ఆపి పైకి లాగాలి.
ప్రేమ ఉన్నవాడు గబగబా లాగేస్తాడు.
అప్పుడు నెత్తురులో గాలి బుడగలు కడుతుంది."

నా వైపు చూడలేదు.
చూడకపోవడం ముప్పై ఎనిమిదేళ్ళ అలవాటు.

ఆ రోజు తాడు పట్టుకున్నది మా నాన్న.
నీళ్ళలో నీడ కదిలింది. సొరచేప అనుకున్నాడు.
అది మబ్బు నీడ.
రెండు చేతులా లాగాడు, అరచేతుల తోలు ఊడేలా.
పైకొచ్చిన మికేస్ నవ్వి సిగరెట్టు అడిగాడు.
సగం కాల్చేలోపే కాళ్ళు చచ్చుబడ్డాయి.
నాన్న మళ్ళీ ఏ తాడూ ముట్టలేదు.
మేక పలుపు కూడా అమ్మే పట్టుకునేది.
మా గడపకీ వాళ్ళ గడపకీ మధ్య ఓ సన్నటి సందు,
గాడిద అడ్డం తిరిగితే నిండిపోయేంత.
దాటినవాళ్ళు లేరు.

కలిరోయికి ఇదేం తెలుసు? లారిస్సా నుంచి మొన్ననే వచ్చింది.
"బాగా చెప్పారు, ఎవరైనా దీన్ని పొరపాటు గడిలో రాయండి,"
అంటూ సుద్దముక్క చాచింది. నాకే.

రాజు ఆగాడు. కూతురు పోయింది.
నాన్న ఆగలేదు.
ఆ గడిలో సుద్ద ఆనించి ఎంతసేపు నిలబడ్డానో,
కింద మంచు దిమ్మలు పగలగొడుతున్న చప్పుడు.

"మబ్బు" అని రాశాను.

"నాటకంలో మబ్బెక్కడుంది?" అంది సెవస్తి.
పుస్తకాలు తిరగేశారు. నిజమే, లేదు.
అరచేత్తో చెరపబోతుంటే వెనకనుంచి గొంతు:
"ఉండనీ, స్తమాతియా.
చిరిగిన పేజీల్లో ఉండి ఉంటుంది."

నా పేరు ఆయన నోట వినడం అదే మొదలు.
ఒత్తి పలకాల్సిన చోట కాస్త తేల్చేశాడు.

వచ్చే మంగళవారం రాణి గురించి.